వెనక బెంచీలో కూర్చుని మీ పాఠం చూసేవాళ్లున్న ట్రైనింగే తీసుకోండి

ప్రశ్న: నమస్కారం మేడమ్. నాకు 26 ఏళ్లు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆ తర్వాత పట్టుబట్టి ఎం.ఏ. ఇంగ్లిష్ చేశాను. మూడేళ్లుగా ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఏడు, ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ చెబుతున్నాను. మా పిల్లలు గ్రామర్ బిట్లన్నీ కరెక్టుగా పెడతారు. లేచి రెండు వాక్యాలు మాట్లాడమంటే మాత్రం తల దించుకుంటారు. ఎలా నేర్పాలో నాకు ఎవరూ నేర్పలేదు. సరైన ట్రైనింగ్ తీసుకోవాలని ఉంది. ఫోన్ తెరిస్తే చాలు, ‘120 గంటల ఆన్‌లైన్ టెఫెల్ సర్టిఫికెట్, విదేశాల్లో ఉద్యోగం’ అంటూ ప్రకటనలు. టెఫెల్ అంటే ఇంగ్లిష్‌ను పరాయి భాషగా నేర్పడమట. నా స్నేహితురాలు సెల్టా అనే ఇంగ్లిష్ టీచర్ ట్రైనింగ్ కోర్సు చేయమంటోంది. నాన్న బి.ఎడ్. చేసి డీఎస్సీ రాయమంటున్నారు. దాచుకున్న డబ్బు లక్షన్నర దాకా ఉంది. ఇంకో సంగతి, నా యాసతో ఇంగ్లిష్ టీచర్ ట్రైనింగ్‌కి వెళితే నవ్వుతారేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ‘ఎలా నేర్పాలో నాకు ఎవరూ నేర్పలేదు’ అని రాశారు చూడండి, ఆ సంగతి గుర్తించడానికే చాలామందికి పదేళ్లు పడుతుంది. మన దగ్గర ఎం.ఏ. ఇంగ్లిష్ అంటే ఎక్కువగా సాహిత్యమే. షేక్‌స్పియర్ నాటకం, రొమాంటిక్ కవిత్వం, నవల, విమర్శ చదివి వచ్చి, ఏడో తరగతి పిల్లల ముందు నిలబడతాం. మాతృభాష కానివాళ్లకు ఇంగ్లిష్ నేర్పడం ఇంకో విద్య. దాన్ని విడిగా నేర్చుకోవాల్సిందే. మీరు ఆ దారిలో బయలుదేరినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది.

మీ ముందున్న మూడు దారుల్లో ఏది మంచిదో తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న అడగండి. నేను నిజమైన విద్యార్థులకు పాఠం చెబుతుంటే వెనక కూర్చుని చూసి, ఎక్కడ బాగుంది, ఎక్కడ తప్పింది అని నాకు చెప్పేవాళ్లు ఈ కోర్సులో ఉన్నారా? ఉంటే ఎన్ని గంటలు చూస్తారు? ఫీజు, సర్టిఫికెట్ మీద ముద్ర, కోర్సు పేరు, ఇవన్నీ ఆ తర్వాతే. ఎందుకంత గట్టిగా చెబుతున్నానో ఒక చిన్న ఉదాహరణతో చూపిస్తాను.

‘యూస్డ్ టు’ పాఠం అనుకోండి. బోర్డు మీద ‘మై ఫాదర్ యూస్డ్ టు స్మోక్’ అని రాసి, గతంలో అలవాటుగా చేసి ఇప్పుడు మానేసిన పనికి ఇది వాడతాం అని చెబుతాం. నాలుగు ఉదాహరణలు ఇస్తాం. ‘అర్థమైందా?’ అంటాం. ‘అర్థమైంది మేడమ్’ అని యాభై గొంతులు ఒక్కసారే పలుకుతాయి. మనం తరువాతి పేజీకి వెళ్లిపోతాం. ఆ యాభైమందిలో ఎంతమందికి అర్థమైందో మనకు తెలిసే అవకాశమే లేదు, ఎందుకంటే ఆ ప్రశ్నకు కాలేదని చెప్పే పిల్లవాడు మన స్కూళ్లలో ఉండడు. ట్రైనింగ్ ఉన్న టీచర్ అదే చోట ‘అర్థమైందా’ అనడం మానేసి చిన్న చిన్న ప్రశ్నలు వేస్తుంది. ఆయన అప్పట్లో సిగరెట్లు తాగేవారా? అవును. ఒక్కసారేనా, చాలాసార్లా? చాలాసార్లు. ఇప్పుడు తాగుతున్నారా? లేదు. మూడో ప్రశ్నకు ఎవరైనా ‘అవును’ అన్నారంటే, వాళ్లకు ఎక్కడ అందలేదో అక్కడికక్కడే దొరికిపోతుంది. ఈ ప్రశ్నలు ముందురోజు రాత్రే రాసి పెట్టుకోవాలి. క్లాసులో నిలబడి అప్పటికప్పుడు అల్లితే తడబడతాం.

ఇది చదివి తెలుసుకోవచ్చు, మీరు ఇప్పుడే తెలుసుకున్నారు కూడా. రేపు క్లాసుకు వెళ్లాక మళ్లీ ‘అర్థమైందా’ అనే అంటారు. ఇందులో మీ తప్పేమీ లేదు, నోటికి అలవాటైన మాట అంత త్వరగా వదలదు. వెనక కూర్చున్న మనిషి ‘ఈ పీరియడ్‌లో ఆ మాట ఇన్నిసార్లు అన్నావమ్మా’ అని కాగితం మీద గీతలు చూపిస్తే అప్పుడు వదులుతుంది. ప్రశ్న అడిగి పిల్లలు నోరు తెరిచేలోపే జవాబు మనమే చెప్పేయడం, బోర్డు వైపు తిరిగి మాట్లాడటం, ముందు బెంచీ ముగ్గురినే పదే పదే లేపడం, కాగితాలు పంచేశాక ఏం చేయాలో చెప్పడం, ఇవేవీ చేస్తున్నవాళ్లకు కనబడవు. కాగితం చేతికొచ్చాక పిల్లలు దాన్నే చూస్తారు గానీ మనం చెప్పేది వినరు. ముందు చెప్పి, ఒకరి చేత మళ్లీ చెప్పించి, ఆ తర్వాతే పంచాలి. ఇంత చిన్న విషయంతో ఒక పీరియడ్ నిలబడుతుంది, లేదా గోలైపోతుంది.

ఇక కోర్సుల సంగతి. మీరు చూసిన ఆన్‌లైన్ టెఫెల్ ప్రకటనల్లో చాలావాటిలో వీడియోలు, చదవాల్సిన పాఠాలు, చివర బిట్లు ఉంటాయి. ఒక్క విద్యార్థి ముందు కూడా నిలబడకుండానే సర్టిఫికెట్ వచ్చేస్తుంది. టెఫెల్ అనే మాట ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా ఆ పేరుతో కోర్సు పెట్టుకోవచ్చు. ‘అక్రెడిటెడ్’ అని రాసి ఉంటే సరిపోదు, గుర్తింపు ఇచ్చింది ఎవరో, ఆ ఇచ్చినవాళ్లకు గుర్తింపు ఉందో లేదో కూడా చూడాలి. అన్నీ మోసాలని నేను అనను. గ్రామర్, పాఠ ప్రణాళిక గురించి కొంత చదువు దొరుకుతుంది. కానీ ఆ మాత్రం చదువు బ్రిటిష్ కౌన్సిల్ వాళ్ల టీచింగ్ ఇంగ్లిష్ సైట్‌లో, మన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ ‘స్వయం’లో ఉచితంగానే దొరుకుతోంది. డబ్బు పెట్టకండి. మీ మొత్తం సమస్య ‘పిల్లలు నోరు విప్పడం లేదు’ అన్నదైతే, మీరు ఒంటరిగా స్క్రీన్ ముందు కూర్చుని దాన్ని పరిష్కరించుకోలేరు.

కేంబ్రిడ్జ్ వాళ్ల టీకేటీ అనే పరీక్ష గురించీ మీకు ఎవరో ఒకరు చెబుతారు. మూడు ముఖ్యమైన మాడ్యూళ్లు, ఒక్కోదానికి 80 ప్రశ్నలు, 80 నిమిషాలు. ఫెయిల్ అనేది లేదు, ఒకటి నుంచి నాలుగు దాకా బ్యాండ్ ఇస్తారు. నేర్పడం గురించి మీకు ఏం తెలుసో కొలుస్తుందే తప్ప నేర్పగలరో లేదో చూడదు. చదవడానికి ఒక లక్ష్యం కావాలనుకుంటే రాయండి, అంతే.

సెల్టా మాత్రం వేరే తరహా. 1962లో లండన్‌లో జాన్ హేక్రాఫ్ట్ రెండు వారాల కోర్సుగా మొదలుపెట్టినది పెరిగి పెరిగి ఈ రూపానికి వచ్చింది. ఇప్పుడు కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్ల చేతిలో ఉంది. కనీసం 120 గంటలు, పూర్తికాలం చేస్తే నాలుగైదు వారాలు. అందులో ఆరు గంటలు మీరు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి, అదీ రెండు వేర్వేరు స్థాయుల వాళ్లకు. ఇంకో ఆరు గంటలు అనుభవమున్న టీచర్ల పాఠాలు చూడాలి. నాలుగు అసైన్‌మెంట్లు రాయాలి. బయటి నుంచి ఒక పరిశీలకుడు వచ్చి కోర్సును చూసి వెళతాడు. ఆరు గంటలేనా అనిపిస్తుంది. మూడేళ్లలో మీరు చెప్పిన పీరియడ్లతో పోలిస్తే అది ఏమీ కాదు. తేడా ఎక్కడంటే, ఆ ఆరు గంటల్లో ప్రతి నిమిషాన్నీ ట్రైనర్ చూస్తారు, మీతోపాటు నేర్చుకుంటున్నవాళ్లూ చూస్తారు. పాఠం అయ్యాక అందరూ కూర్చుని దాని గురించి మాట్లాడుకుంటారు. మీ తప్పు నుంచి వాళ్లు, వాళ్ల తప్పు నుంచి మీరు నేర్చుకుంటారు. ప్రతి పాఠానికి ముందు, చెప్పబోయే మాటకు అర్థం ఏమిటి, రూపం ఏమిటి, ఎలా పలకాలి, విద్యార్థి ఎక్కడ తడబడతాడు అని విడివిడిగా రాసివ్వాలి. ఆ నాలుగు వారాలు నిద్ర సరిగా ఉండదు. ఇంట్లో పెళ్లో, పరీక్షలో పెట్టుకుని ఆ కోర్సులో చేరకండి.

సెల్టాకు రెండు పరిమితులు ఉన్నాయి. మొదటిది, అది పెద్దవాళ్లకు నేర్పేవాళ్లను దృష్టిలో పెట్టుకుని తయారైన కోర్సు. చిన్న గ్రూపు, కదిలించగలిగే కుర్చీలు, నేర్చుకోవాలని తమంతట తాము వచ్చిన పెద్దలు. మీ దగ్గర యాభైమంది పిల్లలు, నేలకు బిగించిన బెంచీలు, నలభై నిమిషాల పీరియడ్, నెల నెలా పరీక్ష. అక్కడ నేర్చుకున్నదాన్ని ఇక్కడికి తగ్గట్టు మార్చుకోవడం మీ పనే. రెండోది, మన ప్రభుత్వ స్కూల్లో ఉద్యోగానికి అది అర్హత కాదు. ఎంత మంచి గ్రేడ్ వచ్చినా టెట్ రాయనివ్వరు. ఫీజు చూస్తే లక్ష దాటుతుంది, ఊరు మారితే ఉండటానికి, తినడానికి అదనం. 2020 తర్వాత పూర్తిగా ఆన్‌లైన్‌లో చేసే వీలు కూడా వచ్చింది. అందులోనూ విద్యార్థులు నిజమైనవాళ్లే, చూసే ట్రైనరూ నిజమే, కాబట్టి దాన్ని ఇందాకటి ప్రకటనలతో కలిపి చూడకండి.

మీ నాన్నగారు చెప్పిన దాంట్లో బరువుంది. మీరు మన రాష్ట్రాల స్కూళ్లలోనే ఉండాలనుకుంటే బి.ఎడ్. లేకుండా ముందుకు నడవదు. ఎడ్‌సెట్ రాసి చేరితే రెండేళ్లు. మెథడాలజీల్లో, అంటే ఏ సబ్జెక్టు ఎలా నేర్పాలో చెప్పే పేపర్లలో, ఇంగ్లిష్ తప్పకుండా తీసుకోండి. స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ పోస్టుకు అది లేకపోతే తరువాత బాధపడాల్సి వస్తుంది. ఆపైన టెట్, ఆపైన డీఎస్సీ. డీఎస్సీ ఎప్పుడొస్తుందో నమ్మకంగా చెప్పలేం. తెలంగాణలో 2017 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ పరీక్ష దాకా వెళ్లింది 2024లోనే, పోస్టులు 11,062. కాబట్టి డీఎస్సీ కోసమే బి.ఎడ్. అనుకోకండి. సీబీఎస్ఈ స్కూళ్లు, గురుకులాలు, గల్ఫ్‌లోని మన సిలబస్ స్కూళ్లు, అన్నీ అడిగేది బి.ఎడ్.నే. ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో చేద్దామని మీకు ఆశ ఉండొచ్చు. సాధారణంగా అది ఇప్పటికే డి.ఎడ్. లాంటి టీచర్ శిక్షణ పూర్తిచేసినవాళ్లకే ఇస్తారు, మీకు కుదరదు.

బి.ఎడ్.లో నేను చెప్పిన ‘వెనక కూర్చుని చూసే మనిషి’ కాగితం మీద బ్రహ్మాండంగా ఉన్నాడు. టీచర్ల శిక్షణను నియంత్రించే ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం రెండేళ్లలో 20 వారాలు స్కూల్లో గడపాలి. సెల్టాలోని ఆరు గంటల ముందు ఇది సముద్రం. కానీ కొన్ని కాలేజీల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. హాజరు అక్కర్లేదు, రికార్డులు మేమే రాయిస్తాం, ఇంత కట్టండి అంటారు. ఇరవై వారాలూ సంతకాల్లోనే గడిచిపోతాయి. దీని గురించి రాసేటప్పుడు నాకు కోపం వస్తుంది. టీచర్ కాబోయేవాళ్లకు ఆ రెండేళ్లు మళ్లీ దొరకవు. ఆ నష్టం వాళ్లతో ఆగదు, వాళ్ల చేతికి వచ్చే ప్రతి బ్యాచ్ పిల్లలకూ పాకుతుంది. కౌన్సెలింగ్‌లో కాలేజీ పెట్టుకునే ముందు అక్కడ రెండో సంవత్సరం చదువుతున్నవాళ్లతో మాట్లాడండి. ‘మీరు ఏ స్కూలుకు వెళ్లారు, మీ లెక్చరర్ ఎన్నిసార్లు మీ పాఠం చూశారు, చూశాక ఏం చెప్పారు?’ అని అడగండి. మూడో ప్రశ్నకు ఒక్క నిర్దిష్టమైన మాటైనా వస్తే ఆ కాలేజీ పరవాలేదు. ‘బాగా చెప్పావన్నారు’ అని వస్తే ఇంకోటి చూసుకోండి.

మీరు అడగని దారి ఒకటుంది. హైదరాబాద్ తార్నాక దగ్గర ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైంది. చాలామంది ఇప్పటికీ ‘సీఫెల్’ అనే పిలుస్తారు. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. అది పుట్టిందే మన దేశంలో ఇంగ్లిష్ నేర్పే టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి. ఉద్యోగాల్లో ఉన్న టీచర్ల కోసం పీజీసీటీఈ అని, ఇంగ్లిష్ బోధనలో పీజీ సర్టిఫికెట్ ఇచ్చే కోర్సు ఒకటి దూరవిద్యలో నడుపుతూ వచ్చారు, కాంటాక్ట్ క్లాసులకు క్యాంపస్‌కు వెళ్లాల్సి ఉంటుంది. ధ్వనిశాస్త్రం, వ్యాకరణం, బోధనా పద్ధతులు, మెటీరియల్ తయారీ, అన్నీ మన తరగతి గదులను, మన పిల్లలను దృష్టిలో పెట్టుకుని చెబుతారు. సెల్టా ఫీజుతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. పాఠం చెప్పించి చూడటం సెల్టాలో ఉన్నంత ఉండదు గానీ, దాని వెనకున్న ‘ఎందుకు’ అన్నది ఇక్కడే బాగా అందుతుంది. ప్రవేశ ప్రకటన ఎప్పుడు వస్తుందో విశ్వవిద్యాలయం సైట్‌లో చూస్తూ ఉండండి. అక్కడికి వచ్చే టీచర్ల పరిచయాలు కూడా తక్కువ లాభం కాదు. ఒడిశా నుంచి వచ్చిన టీచరూ, కేరళ నుంచి వచ్చిన టీచరూ మీలాంటి క్లాసే తమదీ అని చెబుతుంటే సగం దిగులు అక్కడే పోతుంది.

పెద్ద క్లాసులో మాట్లాడించడం కుదరదని ఎవరైనా అంటే నమ్మకండి. 1979 నుంచి 1984 దాకా ఇంగ్లిష్ బోధనా నిపుణులు ఎన్.ఎస్. ప్రభు గారు బెంగళూరు, మద్రాసు వంటి చోట్ల మామూలు స్కూళ్లలో ఒక ప్రయోగం చేశారు. గ్రామర్ సిలబస్ పక్కనపెట్టి, పిల్లలకు పనులు ఇచ్చారు. రైల్వే టైంటేబుల్ చూసి ఏ బండి ఎక్కాలో తేల్చడం, మ్యాపు చూసి దారి చెప్పడం లాంటివి. పని మీద దృష్టి పెడితే భాష దానంతట అదే వస్తుందన్నది ఆయన ఆలోచన. ప్రపంచంలో ఎక్కడ ఇంగ్లిష్ టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చినా ‘బెంగళూరు ప్రాజెక్ట్’ పేరుతో దీని ప్రస్తావన వస్తుంది, మన టీచర్లకే తక్కువ తెలుసు. మీ క్లాసుకు అనుకూలంగా చేయాలంటే, ఒకే బెంచీ మీదున్న ఇద్దరికి రెండు వేర్వేరు కాగితాలు ఇవ్వండి. ఒకరి దగ్గర ఖమ్మం నుంచి వెళ్లే రైళ్ల వేళలు, ఇంకొకరి దగ్గర టికెట్ ధరలు. రెండూ తెలిస్తే గానీ ‘ఉదయం పది లోపు విజయవాడ చేరాలి, చేతిలో ఇంతే డబ్బు ఉంది, ఏ బండి?’ అన్నదానికి జవాబు దొరకదు. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు, ఇంగ్లిష్‌లోనే అడగాలి. మొదటి రోజు సగంమంది తెలుగులోనే కానిచ్చేస్తారు. కావాల్సిన మూడు ప్రశ్నలు బోర్డు మీద రాసి ఉంచండి. మూడో వారానికి బోర్డు తుడిచేయండి. తల దించుకునే పిల్లలు క్లాసంతటి ముందు మాట్లాడటానికి భయపడుతున్నారు గానీ పక్కవాడితో మాట్లాడటానికి కాదు.

యాస గురించి టెన్షన్ పడకండి. ఇంగ్లిష్ నేర్పుతున్నవాళ్లలో ప్రపంచం మొత్తం మీద ఎక్కువమందికి అది మాతృభాష కాదు. సెల్టా వాళ్లు అడిగేది సీ1 స్థాయి ఇంగ్లిష్. అంటే ఐఈఎల్‌టీఎస్‌లో సుమారు ఏడు, ఆపైన. ముందు ఒక రాత పని ఇస్తారు, తర్వాత ఇంటర్వ్యూ చేస్తారు. యాసను తూకం వేయరు, మాట స్పష్టంగా ఉందా లేదా చూస్తారు. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ‘బుక్’ మన నోట ‘బుక్కు’ అయిపోతుంది. ‘జూ’లో మొదటి ధ్వని మనకు లేదు. ‘ఫొటోగ్రాఫ్’లో మొదటి అక్షరం మీద, ‘ఫొటోగ్రఫీ’లో రెండో అక్షరం మీద నొక్కి పలకాలని మనకు ఎవరూ చెప్పలేదు. ఈ మూడింటి మీద కొన్ని నెలలు గట్టిగా పనిచేస్తే మీ మాట ఎక్కడైనా అర్థమవుతుంది. మీ తెలుగు మీడియం చదువు మీకు లోటు అనుకుంటున్నారు. నేను టీచర్లను ఎంపిక చేయాల్సి వస్తే దాన్ని లాభంగా లెక్కేస్తాను. పిల్లవాడు ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అని ఎందుకు అన్నాడో, ‘ఎ’, ‘ది’ ఎందుకు వదిలేశాడో మీకు లోపలి నుంచి తెలుసు. మీరూ ఆ మెట్లన్నీ ఎక్కినవారే.

విదేశాల మాట క్లుప్తంగా చెబుతాను. దక్షిణ కొరియా లాంటి చోట ఇంగ్లిష్ టీచర్ వీసా సాధారణంగా అమెరికా, బ్రిటన్ వంటి ఏడు దేశాల పౌరులకే ఇస్తారు, మీ సర్టిఫికెట్ ఎంత మంచిదైనా మన పాస్‌పోర్ట్‌తో అది దాటడం కష్టం. ఆ ప్రకటనల్లో ఈ సంగతి రాయరు. అమెరికాలో ప్రభుత్వ స్కూల్లో ఇంగ్లిష్ నేర్పాలంటే ఆ రాష్ట్రం టీచర్ లైసెన్స్ కావాలి. ఏ దేశమైనా వీసా నిబంధనలు ముందు చదివి, ఆ తర్వాతే కోర్సుకు డబ్బు కట్టండి.

ఇప్పుడు మీకు నా సలహా. ఈ ఏడాది ఎడ్‌సెట్ రాయండి, పైన చెప్పినట్టు అడిగి మంచి కాలేజీలో బి.ఎడ్. చేయండి. కన్వీనర్ కోటాలో సీటు వస్తే మీ లక్షన్నరలో చాలా భాగం మిగులుతుంది. ఆ డబ్బు ముట్టుకోకండి. బి.ఎడ్. అయ్యాక మళ్లీ ఉద్యోగంలో చేరి ఇఫ్లూ కోర్సు చేయండి. ఆ తర్వాత కూడా పెద్దవాళ్లకు నేర్పాలనో, టీచర్లకు ట్రైనింగ్ ఇవ్వాలనో అనిపిస్తే సెల్టా చేయండి, అప్పటికి ఆ డబ్బు అందుకు ఉంటుంది, ఆ కోర్సు నుంచి మీరు పిండుకునేదీ ఎక్కువ ఉంటుంది. నాన్నగారితో గొడవ పెట్టుకోనక్కర్లేదు, ఆయన దారిలోనే మీ దారి కూడా ఉంది.

కోర్సులో చేరే దాకా ఆగకుండా వచ్చే వారమే ఒక పని మొదలుపెట్టండి. స్కూల్లో మీకు నమ్మకమున్న ఒక టీచర్‌ను అడగండి, లెక్కలావిడైనా సైన్సావిడైనా సరే, ఖాళీ పీరియడ్‌లో వచ్చి మీ క్లాసు వెనక కూర్చోమని. ఆవిడకు ఇంగ్లిష్ బోధన తెలియకపోయినా ఏమీ కాదు. ఒక కాగితం ఇచ్చి మూడే మూడు రాయమనండి. మీరు ఎంతసేపు మాట్లాడారు, పిల్లలు ఎంతసేపు మాట్లాడారు, ఎంతమంది వేర్వేరు పిల్లలు నోరు తెరిచారు. బదులుగా మీరు వెళ్లి ఆవిడ క్లాసులో కూర్చోండి. ప్రిన్సిపల్ అనుమతి ముందే తీసుకోండి, లేకపోతే ఇద్దరికీ మాట వస్తుంది. ఎవరూ రాకపోతే ఫోన్‌ను బల్ల మీద పెట్టి మీ పీరియడ్ ఆడియో రికార్డు చేసుకుని ఇంట్లో వినండి. పిల్లల గొంతులున్న ఆ రికార్డింగ్ ఎవరికీ పంపకండి, విన్నాక తీసేయండి. రెండు నెలలు ఆ కాగితాలు దాచి, వరసగా పెట్టి చూసుకుని, వీలైతే నాకు మళ్లీ ఉత్తరం రాయండి.